డిస్కు విభాగాల మార్పు తరువాత కంప్యూటరు పునరుద్ధరణ

కంప్యూటరులోని హార్డ్ డిస్కును కొన్ని భాగాలుగా పంచి వాడుకుంటారు. ఈ భాగాలను పార్టిషన్లు లేదా విభాగాలు అంటారు. విండోస్ వాడేవారికి సి డ్రైవు, డి డ్రైవు అనే పేర్లతో కనిపించేవి సాధారణంగా ఇవే. ఒక విభాగాన్ని పెంచినపుడు, తగ్గించినపుడు, లేదా డిస్కు మీద పక్కకు జరిపినపుడు, ఆ తరువాత కంప్యూటరు ప్రారంభం కాకుండా నల్లని తెర మీద ఒక దోష సందేశంతో ఆగిపోవడం కద్దు. అటువంటి కంప్యూటరును అందులోని సమాచారం పోకుండా మరల పనిచేసే స్థితికి తెచ్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కంప్యూటరు ప్రారంభం కాకపోవడం వేరు, సమాచారం పోవడం వేరు. ఇటువంటి సందర్భాలలో తరచుగా ఛాయాచిత్రాలు, లెక్కలు, వ్రాతప్రతులు డిస్కు మీద ఉన్నచోటనే ఉంటాయి. వాటి వద్దకు దారి చూపే కొద్దిపాటి సెక్టార్లలోని వ్రాత మాత్రమే తప్పిపోతుంది. ఆ తరువాత తొందరపడి ఫార్మాట్ చేయడం వలన, లేదా విండోస్‌ను మరల స్థాపించడం వలన, అప్పటివరకు క్షేమంగా ఉన్న సమాచారం నిజంగానే పోతుంది.

విభాగాల పరిమాణం మార్చవలసిన సందర్భాలు

విభాగాల పరిమాణం మార్చడానికి ఈ క్రింది కారణాలు ముఖ్యమైనవి.

* సి డ్రైవు నిండిపోయి డి డ్రైవులో ఖాళీ మిగిలి ఉండడం.
* విండోస్ ఉన్న డిస్కులోనే లినక్సును కూడా స్థాపించడానికి చోటు చేయడం.
* పాత డిస్కులోని సమాచారాన్ని యథాతథంగా పెద్ద డిస్కుకు మార్చిన తరువాత మిగిలిన ఖాళీని కలుపుకోవడం.
* విండోస్ తన మరమ్మతు సాధనాలను దాచుకునే రికవరీ విభాగం చిన్నదై ఉండడం. 2024 జనవరి 9న విడుదలైన విండోస్ 10 నవీకరణ కేబీ 5034441 ఇందుకు ఉదాహరణ. దీనికి రికవరీ విభాగంలో 250 మెగాబైట్ల ఖాళీ కావలసి వచ్చింది. అంత ఖాళీ లేని కంప్యూటర్లలో నవీకరణ విఫలమైనది. ఆ విభాగాన్ని చేతితో పెంచుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ప్రకటించగా, అంతకు ముందు విభాగాల జోలికి పోనివారు కూడా ఆ పని చేయవలసి వచ్చింది.

కంప్యూటరు ప్రారంభమయ్యే క్రమం

దోషం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలంటే ముందుగా కంప్యూటరు ఏ క్రమంలో ప్రారంభమవుతుందో తెలియాలి. ఇది ఒక గొలుసు వంటిది. ప్రతి లంకె తన తరువాతి లంకె డిస్కు మీద ఎక్కడ ఉన్నదో తెలుపుతుంది. ఈ గొలుసులో రెండు పద్ధతులు ఉన్నాయి.

పాత పద్ధతి (ఎంబీఆర్)

1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఈ పద్ధతిలో డిస్కులోని మొట్టమొదటి సెక్టారును మాస్టర్ బూట్ రికార్డు అంటారు. దీని పరిమాణం 512 బైట్లు మాత్రమే. అందులో మొదటి 446 బైట్లలో ఒక చిన్న ప్రోగ్రాము, తరువాతి 64 బైట్లలో విభాగాల పట్టిక, చివరి 2 బైట్లలో ఒక గుర్తు ఉంటాయి. పట్టికలో ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు గడులు ఉంటాయి. ఏ విభాగం ఎక్కడ మొదలై ఎంత దూరం ఉన్నదో ఈ గడులలో వ్రాసి ఉంటుంది. 512 బైట్ల సెక్టార్లు గల డిస్కులలో ఈ పట్టిక సుమారు 2 టెరాబైట్లకు మించి లెక్కించలేదు.

బయాస్ ఈ మొదటి సెక్టారును చదువుతుంది. అందులోని ప్రోగ్రాము "యాక్టివ్" అని గుర్తు పెట్టిన విభాగపు మొదటి సెక్టారును చదువుతుంది. ఆ సెక్టారు విండోస్ బూట్ మేనేజరును పిలుస్తుంది.

కొత్త పద్ధతి (జీపీటీ, యూఈఎఫ్ఐ)

కొత్త కంప్యూటర్లలో బయాస్ స్థానాన్ని యూఈఎఫ్ఐ ఆక్రమించింది. ఇందులో విభాగాల పట్టికను జీపీటీ అంటారు. ఈ పట్టికకు డిస్కు చివరలో మరొక నకలు కూడా ఉంటుంది. పట్టికలో పొరపాటు దొర్లితే కనిపెట్టడానికి సరిచూపు సంఖ్యలు కూడా ఉంటాయి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఒక చిన్న విభాగంలో, అనగా ఈఎఫ్ఐ సిస్టమ్ విభాగంలో, ప్రారంభ ప్రోగ్రాములు మామూలు ఫైళ్ళుగానే ఉంటాయి. ఈ విభాగాన్ని పనికిరానిదిగా భావించి తొలగించడం తరచు జరిగే పొరపాటు.

విండోస్ విస్టా నుండి బీసీడీ అనే ఒక చిన్న ఫైలు వాడుకలోకి వచ్చింది. విండోస్ ఏ విభాగంలో ఉన్నదో బూట్ మేనేజరుకు తెలిపేది ఇదే.

పరిమాణం మార్చినపుడు జరిగేది

ఒక పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మధ్యలోని అధ్యాయాన్ని తీసి ముందుకు జరిపి, విషయసూచికలోని పుట సంఖ్యలు మార్చకుండా వదిలివేస్తే, పుస్తకంలో ఒక్క అక్షరం కూడా పోకపోయినా చదువరికి ఆ అధ్యాయం దొరకదు. డిస్కు విషయంలోనూ ఇంతే.

విభాగాన్ని తగ్గించేటపుడు ముందు అందులోని ఫైల్ వ్యవస్థను కుదించి, ఆ తరువాత పట్టికలోని సరిహద్దును మార్చవలెను. పెంచేటపుడు ముందు సరిహద్దును మార్చి, తరువాత ఫైల్ వ్యవస్థను విస్తరించవలెను. ఈ వరుస తప్పితే ఫైల్ వ్యవస్థ చెప్పే కొలత ఒకటి, పట్టిక చెప్పే కొలత మరొకటి అవుతుంది.

విభాగపు చివరను మాత్రమే మార్చినపుడు ప్రమాదం తక్కువ. మొదలు కూడా మారినపుడు ప్రమాదం ఎక్కువ. అందుకు కారణాలు రెండు. మొదటిది, విభాగంలోని సమాచారాన్నంతటినీ కొత్త చోటికి నకలు చేయవలసి ఉంటుంది. ఇందుకు గంటల కాలం పట్టవచ్చు. రెండవది, పాత మొదటి స్థానాన్ని గుర్తుపెట్టుకున్నవి ఇంకా కొన్ని ఉంటాయి. ఎంబీఆర్ డిస్కులలో బీసీడీ విభాగాన్ని డిస్కు సంతకము, విభాగపు మొదటి స్థానము అనే రెండింటితో గుర్తిస్తుంది. విభాగం జరిగితే ఈ గుర్తింపు చెల్లదు. జీపీటీ డిస్కులలో విభాగానికి సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది గనుక ఈ బాధ తక్కువ. అయితే విభాగాన్ని తొలగించి మరల సృష్టిస్తే ఆ సంఖ్య కూడా మారిపోతుంది.

దోష సందేశాలు, వాటి అర్థాలు

తెర మీద కనిపించే సందేశాన్ని కాగితం మీద వ్రాసుకొనుట లేదా ఫోనుతో ఫోటో తీసుకొనుట మంచిది. గొలుసులో ఏ లంకె తెగినదో ఆ సందేశమే చెబుతుంది.

* "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్", "నో బూటబుల్ డివైస్": డిస్కే కనబడలేదు, లేదా మొదటి సెక్టారు గాని, ఈఎఫ్ఐ విభాగం గాని, యాక్టివ్ గుర్తు గాని పోయినది.
* "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్": విభాగం దొరికినది, అందులో బూట్ మేనేజరు దొరకలేదు.
* బూట్ కాన్ఫిగరేషన్ సమాచారం లేదని, లేదా కావలసిన పరికరం అందుబాటులో లేదని చెప్పే నీలి తెర: బూట్ మేనేజరు పనిచేసినది, బీసీడీలోని చిరునామా తప్పు.
* "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్": విండోస్ మొదలైనది గాని తన సొంత విభాగాన్ని చదవలేకపోయినది.
* "గ్రబ్ రెస్క్యూ": లినక్సు వారి గ్రబ్ ప్రారంభమైనది గాని తన మిగిలిన ఫైళ్ళున్న విభాగం దొరకలేదు.
* 48 అంకెల సంఖ్యను అడిగే తెర: విభాగం బిట్‌లాకర్ ద్వారా గూఢలిపిలో ఉన్నది. డిస్కులో మార్పును గమనించి రికవరీ కీని అడుగుతున్నది. ఇది దోషం కాదు.

మరమ్మతుకు ముందు చేయవలసినవి

ఈ భాగమే అన్నిటికంటె ముఖ్యమైనది.

1. ఆ డిస్కు మీద ఏమీ వ్రాయరాదు. "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగే ప్రతి ప్రశ్నకు వద్దు అనే సమాధానం ఇవ్వవలెను.

2. డిస్కు నుండి టిక్కుటిక్కుమనే శబ్దం వస్తున్నా, బయాస్‌లో డిస్కు పేరు ఒకసారి కనిపించి మరొకసారి కనిపించకపోయినా, అది యంత్ర లోపం కావచ్చు. అటువంటపుడు విద్యుత్తు ఆపివేసి, సమాచార పునరుద్ధరణలో అనుభవం గలవారికి అప్పగించడం మేలు.

3. మరొక కంప్యూటరు సహాయంతో ఒక పెన్‌డ్రైవు మీద ఉబుంటు వంటి లినక్సును గాని, జీపార్టెడ్ లైవ్‌ను గాని సిద్ధం చేసుకోవలెను. కంప్యూటరును ఆన్ చేసిన వెంటనే ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ వంటి మీటలలో ఆ తయారీదారు నిర్ణయించిన దానిని నొక్కి, పెన్‌డ్రైవు నుండి ప్రారంభించవలెను. ఈ పద్ధతిలో లినక్సు డిస్కు మీద స్థాపితం కాదు, జ్ఞాపకశక్తిలో మాత్రమే నడుస్తుంది. "ట్రై" అన్న దానిని ఎంచుకోవలెనే గాని "ఇన్‌స్టాల్" అన్న దానిని ఎంచుకోరాదు.

4. విభాగాలను చదవడానికి మాత్రమే అనుమతించే పద్ధతిలో తెరచి చూడవలెను. ఫైళ్ళు కనిపిస్తే ముఖ్యమైన వాటిని వెంటనే వేరొక డిస్కుకు నకలు చేసుకోవలెను. ఇది పూర్తయిన తరువాత మరమ్మతు విఫలమైనా నష్టం లేదు.

5. ఫైళ్ళు కనిపించకపోతే, అంతే లేదా అంతకంటె పెద్ద పరిమాణం గల మరొక డిస్కు మీదకు మొత్తం డిస్కు ప్రతిబింబాన్ని తీయవలెను. ఇందుకు గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. మూల డిస్కు, గమ్య డిస్కు పేర్లు తారుమారు అయితే ఖాళీ డిస్కు వచ్చి అసలు డిస్కు మీద పడుతుంది. కనుక పరిమాణము, తయారీదారు పేరు చూచి రెండుసార్లు నిర్ధారించుకోవలెను.

6. బిట్‌లాకర్ ఉన్న కంప్యూటరు అయితే రికవరీ కీని ముందుగా సంపాదించుకోవలెను. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడే కంప్యూటర్లలో ఈ కీ తరచు ఆ ఖాతాలోనే దాచబడి ఉంటుంది. ఈ కీ లేకుండా ఏ ప్రోగ్రామూ ఆ విభాగంలోని ఫైళ్ళను చదవలేదు.

విండోస్ మరమ్మతు

విండోస్ స్థాపన పెన్‌డ్రైవు నుండి కంప్యూటరును ప్రారంభించి, స్థాపనకు బదులుగా మరమ్మతు అనే అంశాన్ని ఎంచుకోవలెను. అక్కడ "స్టార్టప్ రిపేర్" అనే సాధనం ఉంటుంది. ముందుగా దీనిని ప్రయత్నించవలెను. బీసీడీలో చిన్న పొరపాట్లను ఇది తనంతట తానే సరిచేయగలదు.

అది విఫలమైతే "కమాండ్ ప్రాంప్ట్" తెరచి, డిస్క్‌పార్ట్ అనే ఆదేశం ద్వారా విభాగాల జాబితాను చూడవలెను. ఇక్కడ డ్రైవు అక్షరాలు మామూలుగా కనిపించే విధంగా ఉండవు. ఎప్పుడూ సి అనుకునేది ఇక్కడ డి కావచ్చు. కనుక విండోస్ అనే ఫోల్డరు ఎందులో ఉన్నదో తెరచి చూచి తెలుసుకోవలెను.

యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఈఎఫ్ఐ విభాగానికి తాత్కాలికంగా ఒక అక్షరాన్ని కేటాయించి, బీసీడీబూట్ అనే ఆదేశానికి విండోస్ ఫోల్డరు చిరునామాను, ఆ అక్షరాన్ని, యూఈఎఫ్ఐ అనే రకాన్ని తెలుపవలెను. ఇది ప్రారంభ ఫైళ్ళను, బీసీడీని కొత్తగా వ్రాస్తుంది. వ్యక్తిగత ఫైళ్ళను తాకదు. ఈఎఫ్ఐ విభాగమే పోయినట్లయితే, ఖాళీ స్థలంలో చిన్న ఈఎఫ్ఐ విభాగాన్ని కొత్తగా సృష్టించి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఇదే ఆదేశాన్ని ఇవ్వవచ్చు. ఆ ఫార్మాటు కొత్త విభాగానికి మాత్రమే అని నిర్ధారించుకోవలెను.

ఎంబీఆర్ కంప్యూటర్లలో బూట్‌రెక్ అనే ఆదేశాన్ని వాడతారు. దానిలోని ఫిక్స్‌ఎంబీఆర్ మొదటి సెక్టారులోని ప్రోగ్రామును మాత్రమే తిరిగి వ్రాస్తుంది, విభాగాల పట్టికను మార్చదు. ఫిక్స్‌బూట్ విభాగపు ప్రారంభ సెక్టారును, రీబిల్డ్‌బీసీడీ బీసీడీని సరిచేస్తాయి. అదే డిస్కులో లినక్సు కూడా ఉంటే ఫిక్స్‌ఎంబీఆర్ తరువాత గ్రబ్ కనిపించదు. లినక్సు పోయినదని భయపడనవసరం లేదు, గ్రబ్‌ను మరల స్థాపిస్తే చాలు.

చెక్‌డిస్క్ విషయంలో జాగ్రత్త అవసరం. ఇది ఫైల్ వ్యవస్థలోని తప్పులను దిద్దే సాధనం. విభాగపు సరిహద్దులే తప్పుగా ఉన్నపుడు దీనిని దిద్దుబాటు పద్ధతిలో నడిపితే, సరిగా ఉన్న వాటిని కూడా తప్పులుగా భావించి మార్చివేయగలదు. సరిహద్దులు సరిచేసిన తరువాతనే దీనిని నడపవలెను.

లినక్సు మరమ్మతు

విభాగాల వరుస సంఖ్య మారినందున గాని, విభాగం జరిగినందున గాని గ్రబ్ రెస్క్యూ అనే తెర వస్తుంది. లైవ్ పెన్‌డ్రైవు నుండి ప్రారంభించి, లినక్సు మూల విభాగాన్ని అనుసంధానించి, సీహెచ్‌రూట్ ద్వారా ఆ వ్యవస్థలో ప్రవేశించి, గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ అనే రెండు ఆదేశాలు ఇస్తే సాధారణంగా సరిపోతుంది. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఈఎఫ్ఐ విభాగాన్ని కూడా అనుసంధానించవలెను. రెండవ ఆదేశం ఉబుంటు, డెబియన్ కుటుంబాలకు చెందినది.

లినక్సు తన విభాగాలను యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో గుర్తిస్తుంది. ఈ సంఖ్యలు ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో వ్రాసి ఉంటాయి. పరిమాణం మార్చినంత మాత్రాన ఈ సంఖ్య మారదు. కాని చోటు కోసం స్వాప్ విభాగాన్ని తొలగించి మరల సృష్టించడం పరిపాటి. అప్పుడు దానికి కొత్త సంఖ్య వస్తుంది. లేని పాత స్వాప్ కోసం లినక్సు ప్రారంభ సమయంలో సుమారు ఒకటిన్నర నిమిషం వేచి చూస్తుంది. చాలామంది దీనిని కంప్యూటరు స్తంభించినట్లు భావిస్తారు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో కొత్త సంఖ్యను వ్రాస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది.

విభాగాల పట్టిక పోయినపుడు

డిస్కు మొత్తం ఖాళీగా కనిపిస్తే పట్టిక పోయినదని అర్థం. జీపీటీ డిస్కులలో మొదటి పట్టిక చెడినా చివరనున్న నకలు మిగిలి ఉండవచ్చు. జీడిస్క్ అనే ప్రోగ్రాము ఆ నకలు నుండి మొదటి పట్టికను తిరిగి నిర్మించగలదు.

రెండు పట్టికలూ పోయినా, లేదా అవి తప్పుగా ఉన్నా, క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన టెస్ట్‌డిస్క్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉపయోగపడుతుంది. ఇది డిస్కును వెదకి, ఫైల్ వ్యవస్థలు తమను గురించి వ్రాసుకున్న ఆనవాళ్ళను బట్టి పాత సరిహద్దులను పోల్చుకుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగపు ప్రారంభ సెక్టారుకు ఆ విభాగం చివరలోనూ, ఫ్యాట్32 ప్రారంభ సెక్టారుకు ఆరవ సెక్టారులోనూ నకళ్ళు ఉంటాయి. అసలుది చెడినపుడు టెస్ట్‌డిస్క్ ఈ నకళ్ళను వాడుకోగలదు.

టెస్ట్‌డిస్క్ కనుగొన్న ప్రతి విభాగంలోని ఫైళ్ళ జాబితాను ముందుగానే చూచే వీలున్నది. తెలిసిన ఫైళ్ళ పేర్లు అక్కడ కనిపిస్తేనే ఆ విభాగాన్ని అంగీకరించవలెను. "రైట్" అనే ఆదేశం ఇచ్చేవరకు డిస్కులో ఏ మార్పూ జరగదు.

సగంలో ఆగిన తరలింపు

విభాగాన్ని జరుపుతుండగా విద్యుత్తు పోవడం అన్నిటికంటె క్లిష్టమైన పరిస్థితి. సమాచారంలో కొంత కొత్త చోట, మిగిలినది పాత చోట ఉంటుంది. ఏ సరిహద్దు పెట్టినా విభాగం పూర్తిగా సరిపోదు. తరలింపును మొదటి నుండి మరల ప్రారంభిస్తే సగం జరిగినదాని మీద మరల వ్రాత పడి నష్టం పెరుగుతుంది.

ఇటువంటపుడు ప్రతిబింబం తీసిన తరువాత ఫోటోరెక్ అనే ప్రోగ్రామును వాడవచ్చు. ఇది విషయసూచికతో పనిలేకుండా, ఫైళ్ళ మొదట ఉండే గుర్తులను బట్టి వాటిని వెలికితీస్తుంది. పేరులో ఫోటో ఉన్నప్పటికీ ఇతర రకాల ఫైళ్ళను కూడా వెలికితీయగలదు. అయితే ఫైళ్ళ పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు. ముక్కలు ముక్కలుగా ఉన్న పెద్ద ఫైళ్ళు దక్కడం కష్టం. వెలికితీసిన వాటిని వేరొక డిస్కు మీదనే దాచవలెను.

ఎస్ఎస్‌డీల విషయం

పాత హార్డ్ డిస్కులలో విభాగాన్ని త్వరిత పద్ధతిలో ఫార్మాట్ చేసినా సమాచారం చాలావరకు మిగిలి ఉంటుంది. ఎస్ఎస్‌డీలలో అలా కాదు. ట్రిమ్ అనే ఏర్పాటు వలన, ఫార్మాట్ చేసిన వెంటనే ఆ స్థలం పనికిరానిదని ఆపరేటింగ్ సిస్టమ్ ఎస్ఎస్‌డీకి తెలుపుతుంది. ఎస్ఎస్‌డీ ఆ స్థలాన్ని లోపలినుండి శుభ్రం చేసివేస్తుంది. అందువలన ఎస్ఎస్‌డీలో పొరపాటున చేసిన ఫార్మాటును సరిదిద్దే అవకాశం బహు స్వల్పం.

ముందు జాగ్రత్తలు

* విభాగాలను మార్చడానికి ముందు ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక డిస్కు మీద నకలు ఉండవలెను. ఆ నకలును తెరచి చూచి సరిగా ఉన్నదని తెలుసుకోవలెను.
* విండోస్ విభాగాన్ని తగ్గించడానికి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌నే వాడడం మేలు. ఇది విభాగపు మొదటి స్థానాన్ని కదపదు.
* కొంత ఖాళీ దొరికితే చాలుననుకున్నపుడు విభాగాలను జరపడం కంటె, డి డ్రైవులోకి ఫైళ్ళను మార్చుకోవడమే సులభము, నిరపాయకరము.
* లినక్సు సాధనాలతో విండోస్ విభాగాన్ని మార్చేముందు, విండోస్ 8 నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌ను, హైబర్నేషన్‌ను ఆపి, కంప్యూటరును పూర్తిగా మూసివేయవలెను.
* బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, రికవరీ కీని కాగితం మీద వ్రాసి ఉంచుకోవలెను.
* డెస్క్‌టాప్ కంప్యూటరుకు యూపీఎస్ ఉండవలెను. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండి ఉండి, ఛార్జరు కూడా తగిలించి ఉండవలెను.
* ప్రస్తుత విభాగాల పట్టికను, అనగా ప్రతి విభాగపు మొదటి, చివరి సెక్టార్ల సంఖ్యలను వ్రాసి ఉంచుకోవలెను. ఈ ఒక్క కాగితం ఉంటే పట్టికను తిరిగి వ్రాయడం చాలా సులభమవుతుంది.
* ఒక డిస్కును మరొక దానికి యథాతథంగా నకలు చేసినపుడు, మొదటిసారి ప్రారంభించేముందు పాత డిస్కును విడదీయవలెను. రెండింటికీ ఒకే గుర్తింపు ఉండడం వలన విండోస్ తికమక పడుతుంది.
* మరమ్మతు పెన్‌డ్రైవును ముందే తయారు చేసుకోవలెను. కంప్యూటరు ఆగిపోయిన తరువాత దానిని తయారు చేయడానికి వేరొక కంప్యూటరు కావలసి వస్తుంది.

మరమ్మతు దుకాణానికి ఇచ్చేటపుడు

మరమ్మతు దుకాణాలలో ఇటువంటి కంప్యూటరుకు విండోస్‌ను మరల స్థాపించి ఇవ్వడం సాధారణం. కంప్యూటరు నడుస్తుంది, అందులోని ఫైళ్ళు మాత్రం పోతాయి. కనుక కంప్యూటరును ఇచ్చేముందే, "సమాచారం కావాలి, ఫార్మాట్ చేయవద్దు" అని స్పష్టంగా చెప్పి, రసీదు మీద వ్రాయించుకోవలెను. దోష సందేశపు ఫోటో, విభాగాలను ఏ ప్రోగ్రాముతో ఎలా మార్చినది, ఏ దశలో ఆగిపోయినది అనే వివరాలు కూడా ఇస్తే మరమ్మతు చేసేవారికి సగం పని తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్కు
* ఆపరేటింగ్ సిస్టమ్
* యూఈఎఫ్ఐ
* లినక్సు